ఎడమచేతి ట్రిగ్గర్

నవంబరు రెండో మంగళవారం పొద్దున్న ట్రూడీ హాల్‌గ్రెన్ నా కొట్టుకి వచ్చింది. స్కూలు బస్సు మొదటి ట్రిప్పు అయిపోయాక బస్సును డిపోలో పెట్టేసి, ఇంటికెళ్లి, తన ట్రక్కులో వచ్చింది. రైఫిల్ సంచీని బెంచి మీద పెట్టి, జిప్పు కూడా తియ్యకుండా రెండడుగులు వెనక్కి జరిగింది.

ముప్పయ్యారేళ్లుగా బిటర్‌రూట్ లోయలో తుపాకులు బాగుచేస్తున్నాను. తన రైఫిల్‌కి తనే దూరంగా నిలబడ్డ మనిషిని చూడటం అదే మొదలు.

"ట్రిగ్గర్ మార్చాలి పెద్దాయనా," అంది. "నీ దగ్గరున్నవాటిలో అన్నిటికన్నా బిగువైనది పెట్టు. రెండు వేళ్లతో లాగితే తప్ప కదలకూడదు."

"అలాంటిదానితో దుప్పిని కొట్టలేవు. దాని పక్కనున్న చెట్టుని కొడతావు."

మామూలుగా అయితే ట్రూడీ నాకు రెండింతలు అంటించేది. వాళ్ల నాన్నా నేనూ కలిసి వేటకెళ్లే రోజుల నుంచీ నా చేతుల్లో పెరిగిన పిల్ల, మాటకి మాట అనకుండా ఊరుకునే రకం కాదు. ఆ రోజు మాత్రం తలొంచుకుని గ్లవ్స్ విప్పుతూ ఉండిపోయింది.

ఏం జరిగిందో నాకు తెలుసు. లోయలో అందరికీ తెలుసు.

పది రోజుల క్రితం శనివారంనాడు ట్రూడీ, ఆమె భర్త డ్వైట్ కొండమీదికి ఎల్క్ దుప్పుల వేటకి వెళ్లారు. దారిలో ముళ్లకంచె అడ్డమొచ్చింది. డ్వైట్ ముందు దాటాడు. ట్రూడీ దాటేముందు రైఫిల్లోంచి తూటా తీసేద్దామని ఆగింది. ఆ రైఫిల్లో తూటా గదిని మూసే బోల్టు తెరుచుకోవాలంటే ముందు సేఫ్టీ, అంటే పేలకుండా ఆపే మీట, తియ్యాలి. గొట్టాన్ని మనుషుల్లేని పక్కకి, వాలులోకి దించి, బొటనవేలితో సేఫ్టీ ముందుకి తోసింది. తుపాకి పేలింది. తూటా గడ్డకట్టిన నేలలో ఏదో రాయికి తగిలి ముక్కలైంది. ఒక ముక్క ఎగిరొచ్చి డ్వైట్ వీపున ఉన్న సంచీని చీల్చుకుని లోపలి ఫ్లాస్కులోకి దూరింది. వేడి కాఫీ వీపంతా కారితే నెత్తురనుకుని డ్వైట్ మోకాళ్లమీద కూలబడ్డాడు.

దెబ్బేమీ తగల్లేదు. కానీ కిందికి దిగాక, ట్రక్కుల దగ్గర మరో ఇద్దరు వేటగాళ్లు చూస్తుండగా, డ్వైట్ పెళ్లాం మీద విరుచుకుపడ్డాడు. "వేలు ఎక్కడ పెట్టావు? ఊళ్లో పిల్లలందరికీ పాఠాలు చెప్తావు, నీ వేలు నీ మాట వినదా?"

ఆ ఇద్దరిలో ఒకడు మెర్ల్. మెర్ల్ విన్న మాట మధ్యాహ్నానికి లోయ చివరిదాకా వెళ్తుంది. మర్నాడు హోటల్లో అందరిముందూ, "డ్వైట్, ఇకనుంచి కాఫీ ఇంట్లోనే తాగెళ్లు," అని మెర్ల్ అంటే పకపకా నవ్వారు. డ్వైట్ కూడా నవ్వాడట.

పధ్నాలుగేళ్లుగా ఫైర్ స్టేషన్ హాల్లో పిల్లలకి వేట భద్రతా తరగతులు చెప్తున్నది ట్రూడీయే. తుపాకి పట్టుకునే తీరు లోయలో సగంమంది ఆమె దగ్గరే నేర్చుకున్నారు. డిసెంబరు తరగతికి తను రాలేనని ఆ వారమే ఉత్తరం రాసి ఇచ్చేసింది.

"ఇప్పుడున్న ట్రిగ్గర్ ఎంత తేలిక?" అని అడిగాను.

"రెండు పౌన్ల లాగుడు చాలని చెప్పాడు డ్వైట్. పోయిన పుట్టినరోజుకి నాకు కానుకిచ్చాడు. స్పోకేన్ పట్నంలో ఏదో షాపులో పెట్టించుకొచ్చాడు. పాతది మొరాయించేదిగా, ఇసకలో లాగినట్టు."

కేటలాగు తీసి ముందు పెట్టాను. ట్రూడీది ఎడమచేతి వాటం. ఆమె రైఫిల్‌కి కుడిచేతివాళ్లకైతే పధ్నాలుగు రకాల ట్రిగ్గర్లు దొరుకుతాయి, ఎడమచేతివాళ్లకి మూడే. ట్రిగ్గర్ మీటకి కుడీ ఎడమా ఏమీ లేదు, చిక్కంతా సేఫ్టీతోనే. ఎడమచేతి రైఫిల్‌కి బోల్టు పిడి ఎడమపక్క ఉంటుంది. సేఫ్టీ కూడా ఆ పక్కనే, బొటనవేలికి అందేలా ఉండాలి.

"మొదటిది గురిపందాల వాళ్లది. పౌనున్నర. వదిలెయ్. రెండోది కొంచెం దూరం ఊరికే కదిలి, అక్కడ గోడలా ఆగుతుంది. ఆపైన నొక్కితే పేలుతుంది. మూడోది ఉన్నచోటే ఉండి, బలం చాలగానే ఒకేసారి పేలుతుంది. రెండున్నర నుంచి ఐదు పౌన్లదాకా మనిష్టం. పైగా సేఫ్టీ వేసి ఉంచే బోల్టు తెరవొచ్చు. ఊలు గ్లవ్స్‌తో కాలుస్తావా?"

"ఊలువే. చూపుడువేలు దగ్గర కత్తిరించినవి."

"అయితే మూడోదే మంచిది. మూడున్నర దగ్గర పెడతాను."

"ఐదు పెట్టు."

"ట్రూడీ..."

"ఐదు పెట్టమన్నాను." కేటలాగు మూసేసింది. "మొదటి మూడు రోజులూ ట్రిగ్గర్ ముట్టుకోలేదని బైబిల్ మీద చెయ్యేసి చెప్పేదాన్ని. ఇప్పుడు చెప్పలేను. రోజూ అదే తల్చుకుని తల్చుకుని, వేలు ఎక్కడుందో నాకే గుర్తులేకుండా పోయింది. తాకే ఉంటుంది. తుపాకి దానంతటది పేలదు కదా! పిల్లలకి నేను చెప్పే మాటేగా అది."

గురువారం రమ్మని పంపించాను.

ఆమె ట్రక్కు మలుపు తిరిగాక రైఫిల్ బయటికి తీశాను. తూటా గది ఖాళీగా ఉందో లేదో కంటితో చూసి, వేలు పెట్టి చూసి, బోల్టు మూశాను. సేఫ్టీ వేశాను. రైఫిల్ మడమను, భుజానికి ఆనించే కొసని, అరిచేత్తో రెండు దెబ్బలు కొట్టి, ట్రిగ్గర్‌కి దూరంగా వేలు చాపి, సేఫ్టీ తీశాను. ఏమీ కాలేదు. మళ్లీ మళ్లీ చేశాను. పదకొండోసారి సేఫ్టీ ముందుకి తోయగానే లోపల టక్కుమంది.

కుర్చీలో కూర్చుని ఊపిరి తీసుకుని, మళ్లీ మొదలుపెట్టాను. ఈసారి ఆరోదానికే టక్కుమంది.

రైఫిల్ చెక్క కొయ్యలోంచి ట్రిగ్గర్ ఊడదీసి దీపం కింద పెట్టాను. బోల్టు మూస్తే తూటాను పొడిచే సూది వెనక్కి వెళ్లి చిన్న కొక్కెం మీద ఆగుతుంది. ఆ కొక్కెం జారకుండా కింద ఇంకో ముక్క ఆసరాగా ఉంటుంది. ఇందులో ఆ ఆసరా సరిగా నిలవడం లేదు. ఎందుకంటే అది కుడిచేతి ట్రిగ్గర్. ఎవరో సేఫ్టీ మీటను కోసి, ఎడమపక్కకి తిప్పి అతికించి, అడ్డం తగులుతున్నచోటల్లా ఆకురాయితో అరగదీశారు. సేఫ్టీ వేసి నడుస్తుంటే కుదుపులకి ఆసరా కొంచెం కొంచెంగా పక్కకి జరుగుతుంది. సేఫ్టీ తీసేసరికి కొక్కెం కింద ఏమీ మిగలదు. ఆ అతుకు చూశాను. అంత సన్నగా, శుభ్రంగా వెల్డింగు చేసే చెయ్యి ఈ లోయలో ఒక్కటే.

మధ్యాహ్నం ఆ చెయ్యే నా తలుపు తోసుకుని వచ్చింది. డ్వైట్ పొలాలకి నీళ్లు తోడే పంపులూ గడ్డి కట్టే యంత్రాలూ బాగుచేస్తాడు. చేత్తో చేసే పని ఏదైనా తనకి రాదంటే ఒప్పుకోడు.

"ట్రూడీ రైఫిల్ ఇచ్చిందా?"

"ఇచ్చింది."

"విప్పావా?"

ట్రిగ్గర్ మీద కప్పిన గుడ్డ తొలగించాను. అతను వంగి చూశాడు.

"అరిగిపోయిందని చెప్పు ఆల్విన్. ట్రిగ్గర్లు అరుగుతాయిగా."

"ఏడాది కూడా నిండని ట్రిగ్గర్ అరగదు. అరగదీస్తే తప్ప."

"ఆ స్పోకేన్ షాపువాళ్లు ఏం చేశారో..."

"ఏ షాపువాడూ దీని మొహం చూడలేదు డ్వైట్. ఈ అతుకు చూస్తే నాకు తెలీదా? నా పొయ్యి తలుపుకి వేసింది కూడా నువ్వే."

అతని మొహం మెల్లిగా మారింది. "ఎడమచేతిదానికి రెండు నెలలు ఆగమన్నారు. పుట్టినరోజు పది రోజుల్లో ఉంది. ఇంతింత ఇంజన్లు విప్పి బిగించేవాణ్ణి, చిటికెనవేలంత మీటని ఇటునుంచి అటు మార్చడం కూడా ఒక పనేనా అనుకున్నా. ఇరవైసార్లు చూశాను. బాగానే పనిచేసింది."

"వెచ్చటి షెడ్డులో. నూనె చలికి గడ్డకట్టకుండా పల్చగా ఉన్నప్పుడు. నడక లేకుండా. నీకెప్పుడు తెలిసింది?"

"పేలినప్పుడే. మోకాళ్లమీద ఉండగానే తెలిసింది. తుపాకి పేలినప్పుడు ట్రూడీ బొటనవేలు సేఫ్టీ మీదుంది, నేను తిరిగి చూశాను. కానీ నా నోట్లోంచి వేరే మాట వచ్చేసింది. అది మెర్ల్ విన్నాడు. ఇక దాన్ని వెనక్కి ఎలా తీసుకోను?"

"ట్రూడీ చేసిందేమిటో తెలుసా? గొట్టం నీవైపు లేకుండా దించింది. నేర్చుకున్నది మర్చిపోయుంటే నువ్వివాళ ఇక్కడ నిలబడేవాడివి కాదు. గురువారం సాయంత్రం ఐదు గంటలకి వస్తోంది. నువ్వూ రా. నువ్వు చెప్పకపోతే నేను చెప్తాను."

"మా ఇంటి సంగతి చెప్పడానికి నువ్వెవడివి?"

నేను జవాబిచ్చేలోగా చెయ్యి చాపి, ఆ అరగదీసిన ముక్కని పిడికిట్లో మూసేశాడు. "ఇది నాది. నేను కొన్నది. కొత్తది పెట్టెయ్. దీనిమాట ఎత్తకు."

నాకు అరవై ఎనిమిదేళ్లు. డ్వైట్ ఇప్పటికీ గడ్డిమోపుని ఒంటిచేత్తో ట్రక్కులోకి విసురుతాడు. అయినా వెళ్లి తలుపుకి అడ్డంగా నిలబడ్డాను. ధైర్యమని కాదు, ఇంకేం చెయ్యాలో తోచలేదు. అతను నా మీదికి నడిచొచ్చాడు. మా మధ్య జానెడు దూరం మిగిలింది. అతని దగ్గర కాలిన ఇనుము వాసన వేసింది.

"జరుగు ముసలోడా."

"తోసుకుని వెళ్లు. అప్పుడు ట్రూడీకి చెప్పుకోవాల్సినవి రెండవుతాయి."

కాసేపటికి అతను వెనక్కి నడిచి, ముక్కని బెంచి మీద పెట్టి, నావైపు చూడకుండా వెళ్లిపోయాడు.

గురువారం ట్రూడీ సమయానికి వచ్చింది. డ్వైట్ రాలేదు. మాట్లాడకుండా పాత ట్రిగ్గర్‌ని మళ్లీ రైఫిల్లో బిగించి, ఖాళీ తూటా గది ఆమెకి చూపించి చేతికిచ్చాను. ఏం చెయ్యాలో చెప్తుండగా తలుపు తెరుచుకుంది. డ్వైట్ లోపలికి వచ్చి పొయ్యి దగ్గర నిలబడ్డాడు, కోటు విప్పకుండానే.

"సేఫ్టీ వెయ్యి," అన్నాను. "మడమ మీద కొట్టు. గొట్టం ఇసక డబ్బాలోకి. ఇప్పుడు సేఫ్టీ తియ్యి."

ట్రూడీ చేసింది. రెండుసార్లు, మూడుసార్లు, ఏడుసార్లు చేసింది. డ్వైట్ నేలవైపే చూస్తున్నాడు. ఎనిమిదోసారి టక్కుమంది. ట్రూడీ ఉలిక్కిపడింది.

"వేలు ఎక్కడుంది ట్రూడీ?"

"కొయ్య మీద."

"మళ్లీ చెప్పు."

"కొయ్య మీదే ఉంది పెద్దాయనా." రైఫిల్ని బెంచి మీద పెట్టి స్టూలు మీద కూలబడింది. అరచేతుల్లో మొహం దాచుకుంది. ఏడుస్తోందో నవ్వుతోందో నాకు తెలీలేదు. తలెత్తేసరికి మాత్రం మొహంలో కోపం ఉంది. "ఆ స్పోకేన్‌వాళ్లు ఇంకెన్ని తుపాకులు ఇలా చేసుంటారు? ఎవరో చస్తారు. ఇవాళే ఉత్తరం రాస్తాను. షాపు పేరేంటి డ్వైట్?"

పొయ్యిలో కట్టె ఒకటి విరిగిపడింది. నేను నోరు తెరవబోయాను.

"షాపు లేదు," అన్నాడు డ్వైట్.

ట్రూడీ అతనివైపు చూసింది. తర్వాత ట్రిగ్గర్‌వైపు చూసింది. దీపం కిందికి లాక్కుని, సేఫ్టీ మీట అతుకుని వేలితో తడిమింది.

"కుడిచేతిది కొని నేనే కోసి అతికించాను. నీ పుట్టినరోజుకి అందాలని."

"నీకు తెలుసా? ఆ రోజే తెలుసా?"

"తెలుసు."

ఆమె అరుస్తుందనుకున్నాను. అరవలేదు. చాలా మెల్లిగా, దారి చెప్పినట్టు చెప్పింది. "పన్నెండు రోజులు. పొద్దున్న లేవగానే మంచం మీద కూర్చుని నా వేలు చూసుకుంటున్నాను డ్వైట్. నేను చూసుకుంటుంటే నువ్వు పక్కనుంచి చూస్తున్నావు."

"చెప్దామని రోజూ..."

"నన్ను పిచ్చిదాన్ని చేస్తున్నావని తెలిసే ఊరుకున్నావు. హోటల్లో మెర్ల్‌తో కలిసి నవ్వావట కూడా."

డ్వైట్ కోటు గుండీలు పెడుతూ తీస్తూ నిలబడ్డాడు. నేను వెనకగదిలోకి వెళ్లిపోదామని కదిలితే ట్రూడీ ఆపింది.

"నువ్వెక్కడికి? పని ఉందిక్కడ. ఆ మూడోది చూపించు."

ఒక పళ్ల డాక్టరు తెప్పించుకుని, తర్వాత వేట మానేసి తీసుకోనిది ఒకటి నా సొరుగులో ఉంది. అట్టపెట్టె విప్పి చేతిలో పెట్టాను. అటూ ఇటూ తిప్పి చూసింది, సేఫ్టీని బొటనవేలితో ముందుకీ వెనక్కీ తోసింది. రెండోదాని గురించి కూడా అడిగి కేటలాగులో చదివింది.

"ఊలు గ్లవ్‌తో ఈ ఊరికే కదిలే దూరం నాకు తెలీదు. గోడ ఎక్కడుందో చలిలో ఎలా తెలుస్తుంది? వద్దు. మూడోదే. సేఫ్టీ ఉండగానే బోల్టు తెరుచుకోవాలి, ఆ ఒక్కటీ ఉంటే చాలు."

"ఐదు పౌన్లకేనా?"

"మూడున్నరకి. నా వేలికి ఏ రోగమూ లేదు."

బిగించడానికి కొయ్య లోపల కొంచెం చెక్కాల్సొచ్చింది. స్ప్రింగు త్రాసుతో లాగి పదిసార్లు చూశాను. మూడున్నరకి అటూ ఇటూ వెంట్రుకవాసి కదల్లేదు. నూనె చుక్కకూడా లేకుండా తుడిచి, రైఫిల్ని నా మాంసం ఫ్రీజర్లో ఒక రోజంతా పెట్టాను. శనివారం ఇద్దరూ వచ్చారు, వేరువేరు ట్రక్కుల్లో.

ట్రూడీ మంచు పట్టిన రైఫిల్ని తీసి, బోల్టుని బలమంతా పెట్టి మూసింది. రబ్బరు సుత్తితో నాలుగు పక్కలా కొట్టింది. సేఫ్టీ వేసి, కొట్టి, తీసింది. ఉన్నట్టుండి డ్వైట్ వైపు తిరిగి, "లెక్కపెట్టు," అంది. రెండు రోజుల్లో అతనితో మాట్లాడిన మొదటి మాట అదేనని తర్వాత తెలిసింది.

డ్వైట్ లెక్కపెట్టాడు. యాభై దాకా ఒక్కసారి కూడా టక్కుమనలేదు.

"ఇంకో యాభై," అంది ట్రూడీ. అతను మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టాడు.

వేట గడువు ముగిసే ఆదివారం ఇద్దరూ అదే కొండకి వెళ్లారు. ఆ సంగతి నాకు చెప్పింది డ్వైటే. కంచె దగ్గరికి రాగానే అతనికి తెలీకుండానే కాళ్లు ఒక పైన్ చెట్టు చాటుకి నడిచాయట. ట్రూడీ అది చూసింది. సేఫ్టీ వేసే ఉంచి బోల్టు తెరిచింది, తూటా తీసి జేబులో వేసుకుంది, రైఫిల్ని తీగల కిందనుంచి అవతలికి జరిపి, కంచె ఎక్కి దిగింది.

"ఇప్పుడు బయటికి రా," అందట. "కాఫీ తెచ్చావా?"

"తేలేదు."

"తెలివొచ్చింది."

సాయంత్రానికి ముందు ఒక ఆడ ఎల్క్ వాగు అవతల చెట్లలోంచి బయటికొచ్చింది, నూట ఎనభై గజాల దూరంలో. ట్రూడీ మంచులో బోర్లా పడుకుంది. డ్వైట్ ఆమె పక్కనే, మోచెయ్యి తగిలేంత దగ్గరలో. సేఫ్టీ తీసిన చిన్న చప్పుడుకి వీపంతా బిగుసుకుపోయిందన్నాడు. లేచి పరిగెత్తాలనిపించిందట. అయినా కదల్లేదు. ట్రూడీ ఊపిరి వదిలి, సగంలో ఆపి, నొక్కింది. దుప్పి రెండడుగులు వేసి పడిపోయింది.

ఇంటికి మాంసం వచ్చింది. కానీ ట్రూడీ అతన్ని అక్కడితో వదల్లేదు. తన ఉత్తరం వెనక్కి తీసుకుని డిసెంబరు తరగతి మళ్లీ మొదలుపెట్టింది. మొదటి రోజు డ్వైట్‌ని పిల్లల ముందు నిలబెట్టింది. ఇరవైమంది పిల్లలు, వాళ్ల వెనక తల్లిదండ్రులు, గోడవారన మెర్ల్. నేనూ వెళ్లాను. డ్వైట్ ఆ అరగదీసిన ట్రిగ్గర్‌ని చేతిలో పట్టుకుని, ఏం కొన్నాడో, ఏం కోశాడో, ట్రక్కుల దగ్గర ఏమన్నాడో, అది అబద్ధమని తెలిసి ఎన్నాళ్లు ఊరుకున్నాడో మొత్తం చెప్పాడు. మధ్యలో రెండుసార్లు ఆగి నీళ్లు తాగాడు. మెర్ల్ టోపీ తీసి చేతుల్లో నలుపుతూ కూర్చున్నాడు.

ముందు వరసలోంచి పన్నెండేళ్ల అమ్మాయి చెయ్యెత్తింది. "మరి మిసెస్ హాల్‌గ్రెన్‌కి సారీ చెప్పారా?"

"చెప్పాను," అన్నాడు డ్వైట్. "ఇంకా చెప్తూనే ఉన్నాను."

హాల్లో ఎవరూ నవ్వలేదు. ట్రూడీ లేచి వచ్చి, అతని చేతిలోని ముక్కని తీసి ఆ అమ్మాయికిచ్చి, అందరూ చూసి పక్కవాళ్లకి ఇవ్వమంది. "ఇక పుస్తకాలు తియ్యండి," అంది.

ఆ సాయంత్రం వాళ్లు రెండు ట్రక్కుల్లో వెళ్లారు. జనవరి అంతా అలాగే వచ్చారు, అలాగే వెళ్లారు. ట్రూడీ వాళ్లక్క ఇంట్లో ఉంటోందని విన్నాను. అడగలేదు. మార్చి మొదటివారంలో, రోడ్డు మీద మంచు కరిగి బురదయ్యాక, ఇద్దరూ ఒకే ట్రక్కులోంచి నా కొట్టు ముందు దిగారు. బండి నడిపింది ట్రూడీ. డ్వైట్ తన రైఫిల్ని సంచీలో పట్టుకుని వెనక వచ్చాడు, ఒకసారి విప్పి చూసి పెట్టమని.